రహస్య బైబిలు క్లాసులో చిక్కుకున్న యువతి: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని యువతి, ఆమె తల్లి చదివి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. ఊరు, సంఘం, చదువు, బంధుత్వాలకు సంబంధించిన వివరాలు కొన్ని తీసేశాం, కొన్ని మార్చాం. ఆ గుంపు పేరు కూడా రాయడం లేదు. ఇలాంటి గుంపులు ఒకచోట ఒక పేరుతో, ఇంకోచోట ఇంకో పేరుతో వస్తాయి. పేరు పట్టుకుని వెతికే తల్లిదండ్రులకు ఏమీ దొరకదు. పని చేసే పద్ధతి పెద్దగా మారదు గనుక దాన్నే వివరంగా రాశాం.

నేపథ్యం

ఆమెకు 23 ఏళ్లు. డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం తిరుపతిలో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. సొంతూరు చిత్తూరు వైపు పల్లె. నాన్నకు కొద్దిగా తోతాపురి మామిడి తోట ఉంది. తల్లి వైపు రెండు తరాలుగా విశ్వాసులు. తండ్రి పెళ్లయిన చాలా ఏళ్లకు బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన అన్నదమ్ములు ఇప్పటికీ హిందువులే. తిరుపతి చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో ఇది మామూలు సంగతే. ఈ కేసులో తర్వాత తీసుకున్న ఒక నిర్ణయానికి ఈ విషయం ముఖ్యం.

ఆమె విశ్వాసంలో చల్లారిపోయిన మనిషి కాదు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగింది, మూడేళ్లుగా అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పింది. వాక్యాలు కంఠతా వచ్చు. దుర్బోధలో పడేది వాక్యం తెలియనివాళ్లే అనుకుంటారు చాలామంది సంఘ పెద్దలు. ఇలాంటి రహస్య క్లాసులు వెతికేది వాక్యం మీద ఆకలి ఉన్నవాళ్లనే. బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం మీద ఆమెకు ఎప్పటినుంచో ప్రశ్నలున్నాయి. రెండుసార్లు అడిగితే సంఘంలో వచ్చిన జవాబు ఒకటే: "అవి అంత్యకాలపు మర్మాలు మా, ఇప్పుడు నీకెందుకు?" తర్వాత ఆమె అడగడం మానేసింది. ఆకలి మాత్రం పోలేదు.

సమస్య ఎలా బయటపడింది

హాస్టల్లో సీనియర్ ఒకామె వాట్సాప్‌లో ఒక లింకు పంపింది. ఉచిత బైబిలు కోర్సు, చివర్లో సర్టిఫికెట్. ముందు ఫారం నింపాలి: పేరు, వయసు, ఏ సంఘం, ఇంట్లో ఎవరెవరు, ఇప్పుడు మనసులో ఉన్న భారం ఏమిటి. మొదటి నెల ఒక్కరే టీచరు, ఒక్కతే విద్యార్థిని. తర్వాత జూమ్ క్లాసు, వారానికి నాలుగు రాత్రులు, తొమ్మిది నుంచి పదకొండు దాకా. హోంవర్కు ఉంటుంది, పరీక్షలుంటాయి. ఆమెతో కలిసి చేరినట్టు కనిపించి, రోజూ ఫోన్ చేసి "నీకు ఈ రోజు ఏం అర్థమైంది?" అని అడిగిన తోటి విద్యార్థిని నిజానికి ఆ గుంపు మనిషే. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఏ పాఠం మీద ఏ అనుమానం వచ్చిందో ఆ స్నేహితురాలికి చెబితే, మర్నాటి క్లాసులో టీచరు సరిగ్గా ఆ అనుమానానికే జవాబు చెప్పేది. దేవుడే తన మనసు ఎరిగి మాట్లాడుతున్నాడని ఆమె నమ్మింది.

క్లాసు సంగతి ఎవరికీ చెప్పకూడదన్న నియమానికి కూడా వాక్యమే చూపించారు. మత్తయి 13:44లో పొలంలో ధనం దొరికినవాడు దాన్ని దాచిపెట్టాడు కదా, అలాగే అన్నారు. అదే అధ్యాయంలో త్రోవపక్కన పడ్డ విత్తనాలను పక్షులు మింగేస్తాయి. "నువ్వు ఇంట్లో చెబితే ఆ పక్షులు నీ ఇంట్లోవాళ్ల నోటితోనే వస్తాయి" అని ముందే నేర్పారు. వాట్సాప్ చాట్ ఏ రోజుది ఆ రోజే చెరిపేయాలి.

ఐదారు నెలల తర్వాత తల్లికి తేడా తెలిసింది. కూతురు ఆదివారం ఊరికి రావడం తగ్గించింది. సండే స్కూలు మానేసింది. కోచింగ్ మాక్ టెస్టులు రాయడం లేదు. ఒకసారి పొరపాటున "మన అయ్యగారికి ముద్ర విప్పిన వాక్యం తెల్దు మా" అనేసింది. అయ్యగారంటే పాస్టర్; ముద్ర అంటే ప్రకటన గ్రంథంలో గ్రంథాన్ని మూసి ఉంచిన ముద్ర. తల్లి మాటల్లోనే: "బైబిలే కదా చదువుతాంది, చెడు తిరుగుళ్లు లేవు కదా అని ఊరుకుంటిమి."

ముందుగా చేసినవి, అవి ఎందుకు పని చేయలేదు

కేసు మా దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లు మూడు పనులు చేసి ఉన్నారు.

మేనమామ హాస్టలుకు వచ్చి అరిచి, ఫోన్ లాక్కుని వెళ్లాడు. రెండు రోజుల్లో ఆమె చేతికి ఇంకో ఫోన్ వచ్చింది. తల్లి యూట్యూబులో ఒక గుంపును బయటపెట్టిన వీడియోలు వెతికి వరసగా పంపింది. ఆమె ఒక్కటీ పూర్తిగా చూడలేదు. చూసినా లాభం ఉండేది కాదు, ఎందుకంటే తాను చదువుతున్నది ఏ గుంపు దగ్గరో అప్పటికి ఆమెకే తెలియదు. పేరు చివరి దశలో తప్ప చెప్పరు. తల్లి పంపిన వీడియోలు ఆమె దృష్టిలో ఎవరి గురించో. మూడోది, సంఘ పాస్టర్ గారు ఇంటికి పిలిచి చాలాసేపు వాదించారు. ఆయన చెప్పిన ప్రతి వాక్యానికి ఆమె దగ్గర ఇంకో వాక్యం సిద్ధంగా ఉంది. ఆయన గొంతు పెరిగింది. ఆమె లేచి వెళ్లిపోయింది.

మూడూ విఫలమైన కారణం ఒక్కటే. ఎదురుదెబ్బ వస్తుందని ఆమెకు ముందే చెప్పి ఉంచారు. అరుపు వచ్చింది, పక్షి వచ్చిందని అర్థం చేసుకుంది. ఫోన్ పోయింది, శ్రమ వచ్చిందని అర్థం చేసుకుంది. ఇంట్లోవాళ్లు ఎంత గట్టిగా అడ్డం పడితే ఆ బోధ అంత నిజమని తేలుతోంది. ఈ వలయాన్ని కదిలించకుండా సిద్ధాంతం ఎంత మాట్లాడినా దండగే.

పాస్టర్ గారు ఆదివారం ఆరాధనలో పేరు పెట్టి ప్రకటన చేస్తామన్నారు, పోలీసు ఫిర్యాదు మాట కూడా వచ్చింది. రెండింటినీ ఆపమని కోరాం. ఆమె మేజరు. డబ్బు తీసుకోలేదు, నిర్బంధించలేదు, బెదిరించలేదు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే చెప్పించేవాళ్లం, నిర్బంధం ఉంటే పోలీసుల దగ్గరికే ముందు పోయేవాళ్లం. ఈ కేసులో అలాంటిదేమీ లేదు. పైగా తిరుపతిలాంటి ఊళ్లో ఇది బజారున పడితే, వాక్యం సంగతి పక్కకు పోయి రెండు మతాల మధ్య వ్యవహారంగా మారడానికి ఒక్క పూట చాలు. తండ్రి అన్నదమ్ముల ముందు ఆ కుటుంబం తలెత్తుకోలేదు, ఆ పిల్ల మళ్లీ ఇంటికి రాదు. రెండో తిమోతి 2:24-26 ఎదురాడేవారిని సాత్వికంతో సరిదిద్దమంటుంది, వాళ్లు అపవాది ఉరిలో పట్టబడి ఉన్నారని కూడా అక్కడే చెబుతుంది. ఉరిలో ఉన్న మనిషిని గుంజితే బిగుసుకుంటుంది.

ఎవరు మాట్లాడాలి, ఏ షరతులతో

పాస్టర్ గారిని కొన్నాళ్లు పక్కన ఉండమన్నాం. ఆయన తప్పు చేశారని కాదు, "ముద్ర తెలియని కాపరి" అన్న మాట ఆమె చెవిలో ఆయన మీదే పడి ఉంది. ఇద్దరు స్త్రీలను కూర్చోబెట్టాం. ఒకరు చిన్నప్పుడు ఆమెకు సండే స్కూలు చెప్పిన రిటైర్డ్ టీచరు. మరొకరు వయసులో ఆమెకు దగ్గర, వేదాంత విద్య చదివినవారు. పగటిపూట, టీచరమ్మ ఇంట్లో, వారానికి ఒకసారి, గంటన్నర. తల్లి ఆ గదిలో ఉండదు. ఈ హద్దులు ఆమెకు ముందే చెప్పాం.

ఆమె మొదటి ప్రశ్న: "టీచరమ్మా, మీరు కూడా ఆపెయ్యమని చెప్పేదానికేనా వచ్చింది?"

"కాదు మా. నువ్వేం చదువుతా ఉండావో నేనూ చూస్తా. నీ నోటుపుస్తకం తెస్తావా?"

క్లాసు ఆపమని మేం అడగలేదు. తల్లికి ఇది మింగుడు పడలేదు, కోపం కూడా వచ్చింది. కానీ ఆపమన్న రోజే మేం పక్షుల జాబితాలో చేరిపోతాం. ఆపమనకుండా, దాచమనకుండా, నోటుపుస్తకం టేబుల్ మీద పెట్టి చదువుదామంటే, ఆ జాబితాలో మాకు చోటు లేదు. టీచరమ్మ ఒక్క వాక్యం మాత్రం చదివి వినిపించారు: యోహాను 18:20. ప్రధానయాజకుడి ముందు యేసు తాను బాహాటంగా లోకం ఎదుట మాట్లాడానని, రహస్యంగా ఏమీ మాట్లాడలేదని చెప్పిన మాట. చదివి ఊరుకున్నారు, దాని మీద వాదన పెట్టలేదు. నోటుపుస్తకం తర్వాతి వారం వచ్చింది.

షరతులు మూడు. చూసిన ప్రతి వాక్యాన్నీ ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలి. ఎవరు ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో ముందు చెప్పాలి. ఆ మాటకు అర్థం బైబిలే అక్కడే చెబుతుంటే వేరే అర్థం తేకూడదు. ఈ మూడూ రెండు వైపులవారికీ వర్తిస్తాయి. మా వ్యాఖ్యానాలూ తేము, వాళ్ల టీచరు నోట్సు మీద ఆధారపడము.

నోటుపుస్తకం

పేజీ మధ్యలో గీత. ఎడమ వైపు మాట, కుడి వైపు అర్థం. విత్తనం: వాక్యం. పొలం: లోకం. పక్షి: దురాత్మ. చెట్టు: మనిషి. పులిసిన పిండి: బోధ. సింహం, చేప, వల, దీపం, నూనె, రాయి, ఇలా వందకు పైగా.

ఈ పట్టిక ఎందుకు నమ్మకంగా ఉంటుందంటే, మొదటి కొన్ని వరసలు నిజం. విత్తనం దేవుని వాక్యమని లూకా 8:11లో యేసే చెప్పాడు. పొలం లోకమని మత్తయి 13:38లో ఆయనే చెప్పాడు. ఆ రెండు మూడు నిజాలతో నమ్మకం కుదిరాక, అదే అర్థాన్ని బైబిలంతటికీ తాళంచెవిలా పెట్టి తిప్పుతారు. ఇక ప్రకటన గ్రంథంలో ఏ మాట వచ్చినా కుడి వైపు గడిలో ఉన్నదే అర్థం. ఆ గడి నింపేది క్లాసు టీచరే.

ఆమెకు ఒక్క పని ఇచ్చాం: మత్తయి 13 మొత్తం పైకి చదువు, పట్టిక పక్కన పెట్టుకో. 19వ వచనంలో విత్తబడినది రాజ్యాన్ని గూర్చిన వాక్యం. 38వ వచనానికి వచ్చేసరికి మంచి విత్తనాలు రాజ్య సంబంధులైన మనుషులు. ఒకే అధ్యాయంలో, ఒకే యేసు, ఒకే మాటకు రెండు అర్థాలు చెప్పాడు. ఆమె రెండుసార్లు చదివింది. "అట్లయితే ఇదెట్ల పడుతుంది?" అని తనే అడిగింది. ఆ తర్వాత మేం చెప్పాల్సిన పని లేకపోయింది, ఆమే వెతికింది. పులిసిన పిండి మత్తయి 16:12లో పరిసయ్యుల బోధ, 13:33లో పరలోక రాజ్యానికి పోలిక. సింహం మొదటి పేతురు 5:8లో అపవాది, ప్రకటన 5:5లో క్రీస్తు. పక్షి దురాత్మ అయితే మత్తయి 6:26లో పరలోకపు తండ్రి పోషిస్తున్నది ఎవరిని?

తర్వాత పట్టికకు పునాది అని వాళ్లు చెప్పిన వాక్యం తీశాం, యెషయా 34:16. యెహోవా గ్రంథంలో దేనికీ జత లేకుండా ఉండదు, కాబట్టి ప్రతి వాక్యానికీ ఇంకోచోట జత వాక్యం ఉంటుంది అన్నది వాళ్ల పాఠం. అధ్యాయం మొదటి నుంచి చదివితే అది ఎదోము అనే దేశం మీద తీర్పు. దేశం పాడైపోయి, గుడ్లగూబలు, కాకులు, గద్దలు కాపురం పెడతాయి. 16వ వచనంలో జతతో ఉంటాయన్నది ఆ అడవి జంతువులు, పక్షులు. వాక్యాల ఊసు లేదు. ఆమె పెన్సిల్ టేబుల్ మీద పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. మేమూ తొందరపెట్టలేదు. గెలిచామన్నట్టు ఒక్క మాట దొర్లినా అక్కడితో ఆమె మూసుకుపోయేది.

ఒక ప్రయత్నం ఇక్కడ ఫలించలేదు. యేసు వస్తాడని చెప్పిన ఆదరణకర్తను ఈ కాలపు ఒక మనిషికి అన్వయించడం ఆ క్లాసు బోధ. రెండో శతాబ్దంలో ఫ్రుగియలో (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) మొంటానస్ అనే అతను ఆదరణకర్త తన ద్వారా మాట్లాడుతున్నాడని చెప్పుకున్నాడు, మూడో శతాబ్దంలో మానీ తానే ఆ ఆదరణకర్తనన్నాడు. ఈ చరిత్ర చెబితే ఆమె కళ్లు తెరుచుకుంటాయని ఆ ఇద్దరిలో చిన్నావిడ అనుకున్నారు. ఆమె జవాబు: "వాళ్లు అబద్ధం. ఇది నెరవేర్పు." బయటి ఉదాహరణలు ఎన్ని తెచ్చినా, లోపల ఉన్నవాళ్లు తమది ప్రత్యేకం అనుకుంటారు. చరిత్ర బయటపడ్డాక పనికొచ్చింది. లోపల ఉన్నప్పుడు వాక్యం పూర్తిగా చదవడమే పని చేసింది. యోహాను 14:26 ఆదరణకర్త అంటే పరిశుద్ధాత్మ అని అక్కడికక్కడే చెబుతుంది. అపొస్తలుల కార్యములు 1:5 కొద్ది దినాల్లోనే అంటుంది, రెండో అధ్యాయంలో అది జరిగిపోయింది. దాన్ని మన కాలంలో ఒక మనిషి కోసం ఎదురుచూసే వాగ్దానంగా చేయడానికి వీలు లేదు.

ఎర్ర పెన్ను

పట్టిక తప్పని తేలినా ఆమె బయటికి రాలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, వాదన గెలిస్తే మనిషి వచ్చేస్తుందనుకుంటారు. "పాఠాల్లో తప్పులుండొచ్చు, కానీ యేసుకు ఇంత దగ్గరగా ఎప్పుడూ లేను" అంది ఆమె. ఆ మాట అబద్ధం కాదు. రోజుకు రెండు గంటలు వాక్యంలో ఉంది, ఉపవాసం ఉంటోంది, ఏడుస్తూ ప్రార్థిస్తోంది. ఆ భక్తి నిజమైనదే. అది ఎవరి వైపు తిరిగి ఉందన్నదే చూడాలి.

అందుకని టీచరమ్మ ఒక పని చెప్పారు. నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పు. క్రీస్తు ఏదైనా చేసినట్టు రాసి ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీత పెట్టు: చనిపోయాడు, లేచాడు, క్షమించాడు, విజ్ఞాపన చేస్తున్నాడు, తిరిగి వస్తాడు. "ఈ కాలపు సేవకుడు", "జయించినవాడు" అని ఒక మనిషి ఏదైనా చేసినట్టు ఉన్నచోట పెన్సిల్ గీత. ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా చేసుకురా, మాకు చూపించకపోయినా పర్వాలేదు.

తర్వాతి వారం ఆమె చూపించింది. ముందు పేజీల నిండా ఎరుపు. మధ్యలో రెండూ కలిసి ఉన్నాయి. చివరి పాఠాల్లో ఎరుపు లేదు. క్రీస్తును కాదన్న వాక్యం ఎక్కడా లేదు. ఆయన పేరు ప్రతి ప్రార్థన చివరా ఉంది. కానీ గ్రంథం విప్పేది ఇంకొకరు, సాక్షి ఇంకొకరు, జీవగ్రంథంలో పేరు ఉండేదీ లేనిదీ ఆ ఇంకొకరి మాట ఒప్పుకోవడం మీద. యేసు చేయడానికి మిగిలిన పని లేదు.

మా అభిప్రాయంలో ఈ కేసు తిరిగింది ఇక్కడ. రెండో కొరింథీ 11వ అధ్యాయంలో పౌలు భయపడింది దీనికే. ఒక్కడే పురుషునికి ప్రధానం (పెళ్లి నిశ్చయం) చేసిన కన్యక మనసు, క్రీస్తు ఎడల ఉన్న సరళత నుంచి తొలగిపోతుందేమోనని. అక్కడ వచ్చినవాళ్లు కూడా యేసునే ప్రకటిస్తున్నారు, కాకపోతే 'మరియొక యేసును'. కాబట్టి బోధ పరీక్షించేటప్పుడు యేసు పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే చాలదు. ఆ బోధ ప్రకారం రక్షణలో, వాక్యం అర్థం చేసుకోవడంలో, తండ్రి దగ్గరికి చేరడంలో ఆయన ఇవాళ చేస్తున్నది ఏమిటని అడగాలి. ప్రకటన 5లో గ్రంథం విప్పడానికి యోగ్యుడు గొర్రెపిల్ల ఒక్కడే, 22:10లో ఈ గ్రంథానికి ముద్ర వేయవద్దని యోహానుకు ఆజ్ఞ. ఈ రెండూ కలిపి చదివిన రోజు ఆమె క్లాసుకు పోలేదు. పోవద్దని ఎవరూ అనలేదు.

బయటికి రావడం, ఆ తర్వాతి భయం

విడిచే పద్ధతి సాదాగా పెట్టాం. టీచరుకు రెండు వాక్యాల మెసేజ్: నేను ఇక రాను, నన్ను సంప్రదించవద్దు. కారణాలు రాస్తే జవాబులొస్తాయి, జవాబులకు జవాబులొస్తాయి. పంపేముందు ఉన్న చాట్ స్క్రీన్‌షాట్లు తీయించాం. తర్వాత నంబర్లు బ్లాక్ చేసి, పాస్‌వర్డులు మార్చి, గ్రూపుల నుంచి బయటికి రమ్మన్నాం. కొత్త నంబర్ల నుంచి కొన్ని వారాలు ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు.

ఊరట వస్తుందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. వచ్చింది భయం. విడిచినవారి పేరు చెరిగిపోతుందని క్లాసులో నాటి ఉంచారు. రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నం సయించదు, బైబిలు తెరిస్తే చేతులు వణికేవి. ఇది ప్రార్థనతో మాత్రమే సరిపెట్టే విషయం కాదని ఇద్దరూ గట్టిగా చెప్పి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లారు. సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కూడా ఆమె ఫోన్లో పెట్టారు, రాత్రిపూట గాబరా వస్తే చేయడానికి. కొన్ని వారాల మందు, నిద్ర కుదిరాక మనసు నిలబడింది. దుర్బోధ నుంచి వచ్చినవారిని వెంటనే ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. నిద్ర లేని మనిషికి ఉపవాసం పెట్టకూడదు.

భయపెట్టిన వాక్యాలను తప్పించలేదు, అదే పద్ధతిలో పూర్తిగా చదివించాం. హెబ్రీ 6:4-6 దగ్గర ఆపకుండా 9వ వచనం దాకా వెళ్లాలి. అక్కడ హెచ్చరిక క్రీస్తును వదిలిపోయేవారికి, ఆమె వస్తున్నది క్రీస్తు దగ్గరికి. రెండో పేతురు 2:20-22ను మొదటి వచనంతో కలిపి చదివితే అది అబద్ధ బోధకుల గురించి. ప్రకటన 7:4లో ముద్ర వేయబడ్డ 1,44,000 మందిలో చోటు లేదన్న దిగులుకు అక్కడి నుంచి ఐదు వచనాలు ముందుకు పోతే చాలు, 9వ వచనంలో ఎవరూ లెక్కపెట్టలేని గొప్ప సమూహం సింహాసనం ఎదుట నిలబడి ఉంది.

ఆ తర్వాత ఖండించడం పూర్తిగా ఆపేశాం. ఇది కావాలని తీసుకున్న నిర్ణయం. తప్పులు వెతకడమే పనిగా పెట్టుకుంటే మనసు ఆ గుంపు చుట్టూనే తిరుగుతుంది. ఎఫెసు సంఘం అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకుంది, ప్రకటన 2లో ప్రభువు దాన్ని మెచ్చుకున్నాడు కూడా, అయినా మొదటి ప్రేమ వదిలిందని ఆ వెంటనే గద్దించాడు. కొలొస్సయి పత్రిక తీశాం. నాలుగు అధ్యాయాలు, 95 వచనాలు, పైకి చదివితే అరగంట పట్టదు. ప్రతి కూడికలో మొత్తం చదవడం, ఒక భాగం మీద ఆగడం. పౌలు అక్కడి దుర్బోధకు ఇచ్చిన జవాబులో క్రీస్తు ఎవరో చెప్పిన భాగం ముందు వస్తుంది, బోధకుల తప్పు తర్వాత వస్తుంది. 2:19లో ఆయన పట్టిన తప్పు కూడా శిరస్సును, అంటే క్రీస్తును, హత్తుకోకపోవడమే. ఆ పిల్ల మళ్లీ సొంతంగా ప్రార్థించడం మొదలుపెట్టింది ఈ వారాల్లోనే. యోహాను 6:37, తన దగ్గరికి వచ్చేవారిని ఎంతమాత్రం తోసివేయనన్న మాట, చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంది.

సంఘం చేసినవి

సాక్ష్యం చెప్పించమని చాలామంది అడిగారు. ఏడాది దాకా వద్దన్నాం. గాయం ఆరని మనిషిని స్టేజీ ఎక్కిస్తే, వినేవాళ్లు కోరిన కథ చెప్పడం మొదలుపెడుతుంది. సండే స్కూలుకు మాత్రం నాలుగు నెలలకే రమ్మన్నారు, ముందు సహాయకురాలిగా. పాస్టర్ గారు ఆమె ఇంటికి వెళ్లి, ప్రకటన గ్రంథం గురించి ఆమె అప్పట్లో అడిగిన ప్రశ్నలు మళ్లీ అడగమన్నారు. ఆ తర్వాత యౌవనస్థుల కూడికలో వారానికో అధ్యాయం చొప్పున 22 అధ్యాయాలూ చదవడం పెట్టారు. తెలియనిచోట తెలియదని చెప్పి వచ్చేవారం చూసుకొస్తున్నారు. దుర్బోధ మీద సెమినార్లు పెట్టడం కంటే దీనికే మేం ఎక్కువ విలువ ఇస్తాం.

అపొస్తలుల విశ్వాస ప్రమాణం, అంటే ఆరాధనలో అందరూ కలిసి పలికే పాత విశ్వాస ప్రకటన, ఆ సంఘంలో వాడుకలో లేదు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పెరిగిన పెద్దలకు అది నోటికి వచ్చు, కొత్త సంఘాల పిల్లలకు రాదు. ఇప్పుడు నెలకోసారి అందరూ కలిసి పలుకుతున్నారు. ఎంత చిన్నదైనా దాని మధ్యలో ఉన్నది క్రీస్తు చేసిన పనుల వరస: పుట్టాడు, సిలువ వేయబడ్డాడు, లేచాడు, మళ్లీ వస్తాడు. ఎర్ర పెన్ను గీతలు పెట్టాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి.

బయటి బైబిలు క్లాసులకు పోవద్దని నిషేధం పెట్టలేదు. పోయే పిల్లలు అడగాల్సినవి చెప్పారు: నేర్పేది ఎవరు, ఏ సంఘం లేదా సంస్థ, వాళ్ల విశ్వాసం రాసి ఇస్తారా, మా ఇంట్లోవాళ్లనో సంఘ పెద్దనో ఒక క్లాసుకు తీసుకురావచ్చా. చివరి ప్రశ్నకు "ఇప్పుడే వద్దు, నీకు అర్థమయ్యాక" అన్న జవాబు వస్తే అక్కడితో ఆపి ఇంట్లో చెప్పాలి. అపొస్తలుల కార్యముల్లో బెరయ పట్టణంవారు పౌలు చెప్పిందే లేఖనాలతో పోల్చి చూసుకున్నారు, పౌలు దానికి అడ్డం చెప్పలేదు.

ఇప్పటి పరిస్థితి

ఆ ఏడాది పరీక్షలు పోయాయి. మళ్లీ కోచింగులో చేరింది. ప్రకటన గ్రంథం ఒంటరిగా చదవదు, కూడికలో అందరితో కలిసి చదువుతుంది. తోట పనుల రోజుల్లో ఊరికి పోతే తండ్రి రాత్రి పూట ఆమెతో ఒక కీర్తన చదివించుకుంటున్నాడు.

క్లాసులో ఉన్నప్పుడు ఆమె ఇద్దరు జూనియర్లను చేర్పించింది. తను విడిచాక ఇద్దరికీ తనే వెళ్లి ఎందుకు మానిందో చెప్పింది, మత్తయి 13 దగ్గర పెట్టుకుని. ఒకరు మానేశారు. రెండో అమ్మాయి ఇంకా వెళుతోంది. వాళ్ల అమ్మానాన్నలకు చెప్పేద్దామా అని ఈమె అడిగితే, ఆ అమ్మాయికి తెలియకుండా చెప్పవద్దన్నాం. డబ్బు అడిగినా, చదువు మానమన్నా, ఇల్లు వదలమన్నా అప్పుడు చెప్పక తప్పదని ఆ అమ్మాయి ముఖం మీదే చెప్పి ఉంచమన్నాం. ఈమె అలాగే చెప్పింది. ఇద్దరూ ఒకే మెస్‌లో తింటారు, కోచింగుకు ఒకే ఆటోలో పోతారు. క్లాసు మాట ఈమె ఎత్తదు. టీచరమ్మ నంబరు ఆ అమ్మాయి దగ్గర ఉంది, గురువారం మధ్యాహ్నాలు టీచరమ్మ ఇంట్లోనే ఉంటారని కూడా ఆ అమ్మాయికి తెలుసు.